వెల్లుల్లి తీగలో ఏముంది?

మొక్కలమ్మేవాడు మొట్టమొదట నేర్చుకోవలసింది తరుగు. వంద కొమ్మలు మట్టి కవర్లలో గుచ్చితే డెబ్బై వేళ్ళూనుతాయి. లారీ ఎక్కించినవాటిలో కొన్ని దారిలోనే వాడిపోతాయి. దిగినచోట కొన్నిటిని మేకలు తింటాయి, కొన్నిటిని కొన్నవాళ్ళే రోజుకు మూడుసార్లు నీళ్ళు పోసి చంపేస్తారు. ఈ తరుగును ముందే లెక్కలో వేసుకున్నవాడు వ్యాపారి. వేసుకోనివాడు ప్రకృతి ప్రేమికుడు. కడియం దగ్గర కాలవగట్టున ముప్పై ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్నాను. ఎండ తరుగు, వరద తరుగు, మేకల తరుగు, బావమరుదుల తరుగు అన్నీ చూశాను. పరిశోధన తరుగు అని ఇంకొకటి ఉంటుందని మాత్రం డాక్టర్ త్రివిక్రమం గారు వచ్చేదాకా నాకు తెలియదు.

మా గేటు దాటగానే ఇనప పైపుల పందిరి మీద వెల్లుల్లి తీగ ఒకటుంది. తినేది కాదు, అందం కోసం పెంచేది. గుత్తులు గుత్తులుగా ముదురు ఊదారంగులో పూస్తుంది. పూసిన పువ్వు రోజురోజుకీ లేతబడి, రాలేనాటికి తెల్లబడుతుంది. ఆకు నలిపితే అచ్చం వెల్లుల్లి వాసన. మా ఆవిడ నూకరత్నం కాపురానికి వచ్చిన ఏడాది దాన్ని నాటింది. మేం అమ్మే ప్రతి వెల్లుల్లి తీగా దాని కొమ్మే గనక తల్లి తీగ అంటాం.

దాని విలువ నా లెక్కలో ఇలా ఉంటుంది. ఏటా కావలసినన్ని కొమ్మలిస్తుంది. కవర్లలో మట్టి నింపే ఆడవాళ్ళు మధ్యాహ్నం దాని నీడలో కూర్చుని అన్నాలు తింటారు. అంతకన్నా ముఖ్యం, నూకరత్నానికి నా మీద కోపం వస్తే పోయి దాని కింద కూర్చుంటుంది. ఆ చోటు లేకపోతే నా పక్కనే కూర్చుని కోప్పడుతుంది. కాబట్టి ఆ తీగ అమ్మకానికి లేదు.

ఇక ఆ పరిశోధన కేంద్రం సంగతి. పదవిలో ఉన్న ఒక పెద్దాయన, పేరెందుకు గాని, ఒక ఉదయం అతిథిగృహం చుట్టూ నడుస్తూ గోడ మీద పాకిన వెల్లుల్లి తీగ ఆకు ఒకటి తుంచాడట. నలిపి, వాసన చూసి, పక్కనున్న అధికారితో "ఇందులో ఏదో ఉందయ్యా" అన్నాడట. తర్వాత ఇడ్లీ తిని ఆ మాట మర్చిపోయాడు. అధికారి మర్చిపోలేదు. ఏదో ఉందని పెద్దాయన సెలవిచ్చాక ఏముందో తేల్చకుండా వదిలేయడం బాధ్యతారాహిత్యం అవుతుంది. అందుకని ఒక సంఘం వేశారు. సంఘం ఒక భవనం కావాలంది. భవనం కట్టాక డైరెక్టరు లేకపోతే బాగుండదన్నారు. మా ఊరికి మూడు మైళ్ళలో 'అలంకార తీగజాతుల పత్ర రసాయన విశ్లేషణ కేంద్రం' అని బోర్డు పెట్టి, ఆ బోర్డు పట్టేంత పొడవున గోడ కట్టారు. బోర్డుకు అడ్డం వస్తుందని ఆవరణలో ఒక్క తీగను కూడా నాటలేదు. అందువల్ల ఆకుల కోసం నా దగ్గరికి వచ్చారు.

డాక్టర్ త్రివిక్రమం గారు సఫారీ సూటులో, చేతులకు తెల్ల తొడుగులతో, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని కారు దిగారు. వెనక అదే వేషంలో ఆయన సహాయకురాలు సౌదామిని. ఊళ్ళో ఏదో జబ్బు దిగిందనుకుని మా ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ తీగకు చెందిన ఆకులు మా కేంద్రమునకు అవసరమైయున్నవి" అన్నారాయన.

"దానికేముందండి. ఎన్ని కావాలి?"

"పరిశోధనావసరములకు తగినన్ని."

"తగినన్నంటే బుట్టెడా, బస్తాడా?"

"రెండు వందల గ్రాములు చాలండి" అంది సౌదామిని నెమ్మదిగా.

మట్టి అమ్మాను, గేదెల గెత్తం అమ్మాను, రాళ్ళు కూడా అమ్మాను. ఆకులు ఎవరూ అడగలేదు. ఊరికే కోసుకోండి అన్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "ఉచితమునకు మా వద్ద పద్దు లేదు. ఉచితముగా స్వీకరించినచో దానిని ఎచ్చట నమోదు చేయవలెను?" అన్నారు. సరే, ఆయన బాధ చూడలేక ఒక ధర చెప్పాను.

"ఓసారి నలిపి వాసన చూడండి సార్, మీకే తెలుస్తుంది" అని ఒక ఆకు అందించబోయాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "వాసన అనునది వ్యక్తిగత అభిప్రాయము. ఆకులో ఏమున్నదో యంత్రము చెప్పవలెను. మనము చెప్పరాదు."

ఆకు పసరును ఆవిరి చేసి, అందులో ఏమేం ఉన్నాయో గీతలు గీసి చూపించే యంత్రం ఒకటి కేంద్రంలో ఉంది. కొన్నాళ్ళకు ఆ గీతల కాగితం పట్టుకుని ఇద్దరూ మళ్ళీ వచ్చారు. కాగితం మీద చిన్న చిన్న దిబ్బల మధ్య ఒక్కటే పెద్ద కొండ ఉంది.

"ఇది గంధకము కలిసిన పదార్థము. సాక్షాత్తు వెల్లుల్లిలో ఉండునది" అన్నారు త్రివిక్రమం గారు గొంతు తగ్గించి. "అలంకార తీగలో వెల్లుల్లి పదార్థము ఎట్లు వచ్చినది? ఇది తీవ్రమైన విషయము."

"దాని పేరే వెల్లుల్లి తీగండి."

"పేరు సాక్ష్యము కాజాలదు."

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం అయింది. మా ఆడవాళ్ళు చేతులు కడుక్కుని పందిరి కింద చేరి క్యారేజీలు విప్పారు. ఆవకాయ వాసన ఆయన మూతిగుడ్డను దాటలేదు గాని ఎర్రని నూనె ఆయన కంట పడింది. గబగబా వెళ్ళి లోవమ్మ ఎదురుగా నిలబడ్డారు. లోవమ్మ మా దగ్గర పాతికేళ్ళుగా పనిచేస్తోంది. కవరు నింపడంలోనూ మాట విసరడంలోనూ ఆవిడ చేతికి అడ్డులేదు.

"ఇచ్చట భోజనము చేయుట ఎంతకాలముగా జరుగుచున్నది?"

"ఆకలేసినప్పుడల్లా జరుగుతానే ఉందండి."

"ఆ ఎర్రని పదార్థము ఏమిటి?"

"ఆవకాయండి."

"అందులో ఏమేమి ఉండును?"

లోవమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయ్యో బాబూ, మీ ఇంట్లో పెట్టేవోళ్ళు లేరాండీ? మావిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, గుప్పెడు మెంతులు, ఎల్లుల్లిపాయలు..."

"వెల్లుల్లి!" అన్నారు త్రివిక్రమం గారు. సౌదామిని రాసుకుంది. ఆయన మొహంలో, దొంగను పట్టుకున్న జమీందారు ముఖంలో ఉండే కాంతి వచ్చింది.

ఆయన సిద్ధాంతం ఇది. ఇన్నేళ్ళుగా ఇంతమంది రోజూ ఈ తీగ కింద కూర్చుని వెల్లుల్లి తింటున్నారు. ఆ ఆవిరి పైకి లేస్తుంది. పైన ఆకులున్నాయి. ఆకులు గాలి పీలుస్తాయని చిన్న తరగతి పుస్తకాల్లోనే ఉంది. ఇక తేలవలసింది ఏముంది?

"సార్, ఈ తీగ ఎక్కడున్నా ఇదే వాసనండి" అన్నాను. "ఆవకాయ తెలియని ఊళ్ళకు కూడా పంపించాం."

"ఎవరు పంపినారు?"

"నేనేనండి."

"ఎచ్చటి నుండి?"

"దీని కొమ్మలేనండి."

"మరి వంశపారంపర్యము!" అన్నారాయన. వ్యాపారంలో ఎంతోమంది నన్ను మోసం చేద్దామని చూశారు. వాళ్ళందరికీ ఏదో ఒక చోట లెక్క తప్పేది, దొరికిపోయేవారు. ఈయనకు ఎక్కడా తప్పదు. మొదటి మెట్టు ఒక్కటే గాలిలో ఉంది, మిగతా మెట్లన్నీ సిమెంటుతో కట్టారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'తదుపరి ఆదేశముల వరకు సదరు తీగ ఛాయయందు వెల్లుల్లితో కూడిన లేదా కూడియున్నదని అనుమానింపబడు ఆహారమును భుజించుట, తెరచుట, ప్రస్తావించుట నిషిద్ధము.' సరిపోల్చడానికి లోవమ్మ ఆవకాయ జాడీ కూడా సీలువేసి పట్టుకుపోయారు. అది ఆవిడ అత్తగారి నాటి జాడీ.

"నా జాడీ ఎప్పుడిస్తారండీ?" అంది లోవమ్మ కారు కిటికీ పట్టుకుని.

"విశ్లేషణ పూర్తియైన పిమ్మట."

"మరి ముక్కలు?"

కారు కదిలిపోయింది.

ఆడవాళ్ళు ఎండలో, లారీ నీడలో, ఎరువుల కొట్టు చూరు కింద సర్దుకుని తినడం మొదలుపెట్టారు. చూరు కింద కూర్చున్నవాళ్ళకు తలనొప్పులు వచ్చాయి. లారీ కింద కూర్చున్నవాళ్ళు లారీ కదిలినప్పుడల్లా గిన్నెలు పట్టుకుని లేచేవారు. "తీగకి ఎల్లుల్లి తగలకూడదంట, మనకి ఎండ తగలొచ్చంట" అని లోవమ్మ నాకు వినపడేలా అనేది. నాకు వినపడకుండా ఏమనేదో నాకు తెలియదు.

ఆ తర్వాత మా తీగకు పదోన్నతి వచ్చింది. ఇకమీదట దాన్ని 'ప్రమాణ మొక్క' అంటారట. ప్రమాణ మొక్క అన్నాక దాని ఒంట్లోకి ఏం పోతోందో లెక్క ఉండాలి. చుట్టూ ముళ్ళకంచె వేశారు. కాలవ నీళ్ళు పోయకూడదన్నారు, కాలవలో ఏముందో ఇంకా తేలలేదు గనక. గెత్తం వేయకూడదు. గేదె ఏం తిన్నదో చెప్పగలవారు లేరు. నూకరత్నం రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోసేది. అదీ కూడదన్నారు. కేంద్రం నుంచి శుద్ధి చేసిన నీళ్ళు డబ్బాల్లో కొలిచి తెస్తారు. వ్యానుకు డీజిలు మంజూరైన రోజున వ్యాను వచ్చేది. డీజిలు మంజూరు కాని రోజున తీగ ఓపిక పట్టాలి.

నూకరత్నం కంచె ఇవతల నిలబడి, బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని సౌదామినిని అడిగింది. "అమ్మాయ్, నువ్వయినా చెప్పు. ఇన్నాళ్ళూ ఈ నీళ్ళు తాగే కదమ్మా ఇంతయింది?"

"నిజమేనండి" అంది సౌదామిని. ఆ పిల్లది మంచి మనసే. "కానీ ఆ నీళ్ళకు రికార్డు లేదండి."

ఎండలు ముదిరాయి. తీగ ఆకులు పసుపు తిరిగాయి. నేను రోజూ పొద్దున్నే పోయి రాలిన ఆకులు లెక్కపెట్టేవాణ్ణి. త్రివిక్రమం గారికి మాత్రం పండగలా ఉంది. పసుపు ఆకుల గీతల కాగితంలో ఇదివరకు లేని కొత్త దిబ్బ ఒకటి లేచిందట. "ఆకుపచ్చని ఆకులలో ఇది దాగియున్నది! మన శ్రమ వల్ల బయటకు వచ్చినది" అన్నారు.

"శ్రమ కాదండి, దాహం" అన్నాను.

"దాహము అను పదార్థము మా జాబితాలో లేదు" అన్నారాయన. వేళాకోళం చేస్తున్నారేమోనని మొహం చూశాను. లేదు.

ఆ మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చుంటే నూకరత్నం కంచం ముందు పెట్టి, వడ్డించకుండా గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది.

"అన్నం పెట్టవేం?"

"ఇందులో ఏముందో తేలాలి కదండీ. రాసి పంపాను. జవాబు వచ్చాక పెడతాను."

"నూకరత్నం, ఇదేం వేళాకోళం."

"నాది వేళాకోళం, వాళ్ళది పరిశోధనానండీ? మీరు ఆ తీగ ఆకులు అమ్మిన రోజే అనుకున్నాను. ఆకు అమ్మినవాడు మొదలు కూడా అమ్ముతాడని."

నేను అమ్మలేదు, పద్దు లేదంటే ధర చెప్పాను అనబోయి ఊరుకున్నాను. చెప్పినా తేడా కనిపించదు. ఆ పూట మంచినీళ్ళు తాగి లేచాను. అవి మాత్రం కొలవకుండానే పోసింది.

అసలు దెబ్బ నిపుణుల కమిటీ రూపంలో వచ్చింది. రాజధాని నుంచి నలుగురు దిగారు. కంచె బయట కుర్చీలు వేయించాను. కొబ్బరినీళ్ళు తాగుతూ మధ్య కుర్చీలో ఆయన త్రివిక్రమం గారిని అడిగాడు.

"ఒక ఆకులో ఉన్నది ఇంకొక ఆకులో ఉన్నదని మీకెలా తెలుసు?"

"నమూనా తీసుకొంటిమి సార్."

"నమూనాలో లేని ఆకుల సంగతి?"

త్రివిక్రమం గారు ఆ ప్రశ్నను కూడా రాసుకున్నారు. కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. నమూనాకు సంపూర్ణ ప్రాతినిధ్యం కావాలంటే తీగకున్న ఆకులన్నీ కోసి, ఒక్కొక్కదానికీ అంకె వేసి, ఒక్కొక్కటిగా విశ్లేషించాలి. వచ్చే శుక్రవారం ముహూర్తం.

"అన్ని ఆకులూ దూసేస్తే తీగ ఏమవుతుందండీ?" అన్నాను.

"అది కాండమునకు సంబంధించిన ప్రశ్న" అన్నాడు మధ్య కుర్చీ ఆయన. "కాండములు వేరే సంస్థ పరిధి. మాది ఆకుల వరకే."

"ఆకులు లేక తీగ పోతే, మళ్ళీ మీకు ఆకులు ఎక్కడివండీ?"

"అప్పటికి అన్నియు విశ్లేషింపబడియుండును కదా."

మామూలు రోజుల్లో తీగను కత్తిరించినా బెంగలేదు, చిగురేస్తుంది. నెలల తరబడి నీళ్ళు చాలక, గెత్తం లేక, వేసవి నెత్తి మీద ఉండగా ఒక్క ఆకు మిగల్చకుండా దూస్తే ఇక లేవదు. ఆ సంగతి నాకు తెలుసు, నూకరత్నానికీ తెలుసు. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. "అది పోతే నేను పుట్టింటికి పోతాననుకుంటున్నారేమో" అంది. "పోను. ఇక్కడే, ఆ పైపుల కింద, ఎండలో కూర్చుంటాను. మీరు రోజూ చూద్దురుగాని."

ఉన్న దారులన్నీ లెక్క వేసుకున్నాను. ఇవ్వనంటే, ప్రమాణ మొక్కను దాచిన నేరం. కోర్టుకు పోతే, శుక్రవారం తర్వాత పేరు పిలుస్తారు. లంచం ఇద్దామంటే త్రివిక్రమం గారు నిజాయితీపరుడు. ఒక కొబ్బరిబోండం తాగినా రసీదు అడిగే మనిషి. నిజాయితీపరుడైన తెలివితక్కువవాడితో వ్యాపారికి చాలా కష్టం. ఆయనకు మనం అమ్మగలిగింది ఒక్కటే, ఆయన దగ్గర లేనిది. ఆయన దగ్గర ఏం లేదో ఆలోచించాను.

మా పనిలో ఒక పద్ధతుంది. కొత్త ఎరువు ఏదైనా అమ్మకానికి వస్తే అన్ని వరసలకూ వేసి చూడం. ఒక వరసను ముట్టుకోకుండా, రోజూ ఎలా చూస్తామో అలా వదిలేస్తాం. దాన్ని ఊరక వరస అంటాం. నెలపోయాక రెండూ పక్కపక్కన చూస్తే ఎరువు గొప్పదో, ఎరువు అమ్మినవాడి నోరు గొప్పదో తెలిసిపోతుంది.

గురువారం ఉదయం కేంద్రానికి వెళ్ళాను. త్రివిక్రమం గారు బల్ల మీద అంకెలు వేసిన చీటీలు కట్టలు కట్టిస్తున్నారు. వేల చీటీలు. మా తీగకు తద్దినం ఏర్పాట్లలా ఉన్నాయి.

"సార్, రేపు అంతా సిద్ధమే" అన్నాను. "చిన్న సందేహం. కమిటీవారు అడిగితే నేనేం చెప్పాలో తెలియక వచ్చాను."

"కమిటీవారు ఏమడుగుదురు?" ఆయన చెయ్యి ఆగింది.

"ఈ తీగకు మీరు నీళ్ళు మార్చారు, ఎరువు ఆపారు, ఆవకాయ ఆపారు. ఆకుల్లో తేడా వచ్చింది. ఏమీ మార్చని తీగ ఎక్కడుందయ్యా అని అడిగితే ఏది చూపించమంటారు? మా నర్సరీలో అయితే ఊరక వరస అని ఒకటి వదులుతాం. మీ దగ్గర దాన్ని ఏమంటారో నాకు తెలీదు."

సౌదామిని చేతిలోని చీటీల కట్ట జారి నేలంతా పరుచుకుంది. "కంట్రోల్!" అంది. "సార్, మనకి కంట్రోల్ లేదు!"

త్రివిక్రమం గారు కుర్చీలో కూలబడ్డారు. మూతిగుడ్డ మొదటిసారి గడ్డం కిందికి దిగింది. కింద మనిషి మొహమే ఉంది, పాపం, మంచి మొహం. "ఇన్నాళ్ళ కృషి..." అన్నారు. "ఆడిటువారు..."

"కంగారుపడకండి సార్. ఏదో ఒక తీగను అలా వదిలేస్తే సరి."

"ఏదో ఒకటి చాలదండి" అంది సౌదామిని. "అదే వయసుది, అదే మట్టిలోది, అదే జాతిది కావాలి."

"అయ్యో, అలాంటిది జిల్లా మొత్తానికి ఒక్కటే ఉందమ్మా" అన్నాను. "మా తల్లి తీగ."

ఆయన చేతిలోని చీటీల కట్ట బల్ల మీద పెట్టారు.

"అది ప్రమాణ మొక్క కదా" అన్నారాయన.

"ప్రమాణ మొక్కలు నేను ఎన్నంటే అన్ని ఇస్తానండి. దాని పిల్లలు నా దగ్గర వరసలు వరసలుగా ఉన్నాయి. మీ ఆవరణలోనే నాటుకోండి, మీ నీళ్ళు మీరే పోసుకోండి, డీజిలు కూడా మిగులుతుంది. ఊరక వరస మాత్రం దొరకదండి. దాన్ని రేపు దూసేస్తే రాష్ట్రంలో ఇక లేదు."

"మరి కంట్రోల్ మొక్క యొక్క ఆకులనైనను కోసి పోల్చవలెను కదా?"

"కోస్తే ముట్టుకున్నట్టే కదండీ. ముట్టుకుంటే ఊరక వరస ఎలా అవుతుంది? అంత పెద్ద విషయం నాకు తెలీదు సార్, కమిటీ తేల్చాలి."

ఆయన కళ్ళు మెల్లగా వెలిగాయి. తేల్చవలసిన విషయం ఇంకొకటి ఉందంటే కేంద్రానికి ఇంకొన్నేళ్ళు ఆయుష్షు ఉన్నట్టు. "రెండవ దశ!" అన్నారు. శుక్రవారం నాటి ముహూర్తం వాయిదా పడింది. కంట్రోల్ మొక్క ఆకు కోయవచ్చునా కూడదా అన్న విషయం మీద కమిటీ ఆ నెలలోనే కూర్చుంది. ఇంకా లేవలేదు.

కంచె తీసేశారు. కొత్త బోర్డు పాతారు. 'ఈ మొక్కపై ఎట్టి పరిశోధనయు జరుపరాదు. దీని యథాపూర్వ స్థితికి భంగము కలిగించువారు శిక్షార్హులు.' నూకరత్నం బోర్డు రెండుసార్లు చదివి, లోపలికి వెళ్ళి బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసింది. ఆ మధ్యాహ్నం నా కంచంలో గుత్తి వంకాయ కూర పడింది. దానికి అర్థం ఏమిటో నాకు ఏ యంత్రమూ చెప్పనక్కర్లేదు.

యథాపూర్వ స్థితి అంటే ఆషామాషీ కాదని తర్వాత తెలిసింది. ఇదివరకు ఆ తీగ కింద ఏం జరిగేదో అదంతా జరిగితీరాలి. ఆడవాళ్ళు అక్కడే తినాలి, ఆవకాయే తినాలి, అందులో వెల్లుల్లి ఉండాలి. చూసి రాసుకోవడానికి కేంద్రం నుంచి రోజూ ఒకరు వచ్చేవారు. ఒకనాడు లోవమ్మ పప్పుచారు తెచ్చుకుంటే సంజాయిషీ అడిగారు.

"ఒంట్లో వేడి చేసిందండి" అంది లోవమ్మ.

"పరిశోధనకు భంగం కలుగుతుందమ్మా."

"అయితే జాడీ తెచ్చివ్వండి. రోజూ తింటాను."

జాడీ రాలేదు. దాని బదులు కేంద్రం ఖర్చు మీద ఆవకాయ వచ్చింది, మామిడికాయల కాలం అయిపోయాక కూడా వచ్చింది. అన్నం కూడా వాళ్ళే పంపాలని లోవమ్మ అడిగింది. 'వెల్లుల్లి ఒంటరిగా భుజింపబడదు గనుక' అని కారణం రాసి త్రివిక్రమం గారు మంజూరు చేశారు. నూకరత్నం వారానికోసారి అలిగి తీగ కింద కూర్చోవడం కూడా పూర్వస్థితిలో భాగమని నేను నోరు జారాను. ఒక వారం మేం ఏ గొడవా లేకుండా ఉంటే సౌదామిని వచ్చి, "ఈ వారం అలక నమోదు కాలేదండి" అని గుర్తుచేసింది. "ఏం, నేను అలగడానికి కూడా మీ మంజూరు కావాలా?" అని నూకరత్నం మండిపడి తీగ కిందికి వెళ్ళి కూర్చుంది. సౌదామిని రాసుకుంది.

కేంద్రం ఆవరణలో నాటిన పిల్ల తీగలు కొలిచిన నీళ్ళు తాగి, ఒక్కొక్కటే పోయాయి. పోయినప్పుడల్లా గీతల కాగితంలో ఒక కొత్త దిబ్బ లేచింది, నేను కొత్త మొక్క పంపాను. ఈ తరుగు ముందే లెక్కలో వేసుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. తుది నివేదిక అచ్చయింది. రెండు చేతులతో ఎత్తాలి. చివరి పేజీ మాత్రం సౌదామిని నాకు చదివి వినిపించింది. 'సదరు ఆకులయందు కొన్ని పదార్థములు కలవనియు, మరికొన్ని ఉండుటకు అవకాశము కలదనియు తేలినది.' పెద్దాయన ఒక్క ఉదయం నడకలో కనిపెట్టిందే, ఇప్పుడు ఆధారాలతో వచ్చింది.

త్రివిక్రమం గారు పదవీ విరమణ చేసిన మర్నాడు మా నర్సరీకి వచ్చారు. పంచె, చొక్కా. చేతులకు తొడుగులు లేవు, మూతిగుడ్డ లేదు. చంకలో లోవమ్మ జాడీ ఉంది, కడిగి తుడిచినది. తోడు వచ్చిన సౌదామిని ఇప్పుడు డైరెక్టరు.

లోవమ్మ జాడీ మూత తీసి లోపలికి చూసింది. "ముక్కలేవండీ?"

"అవి... విశ్లేషణలో వినియోగమైనవమ్మా" అన్నారాయన తల దించుకుని.

"బాగున్నాయాండీ?"

"చాలా బాగున్నాయి."

ఆయన అలా మాట్లాడటం మొదటిసారి విన్నాను. మా మాటలాగే ఉంది. నూకరత్నం మజ్జిగ ఇచ్చింది. తల్లి తీగ ఆ వారమే విరగబూసింది. ఊదాపూలు కొన్ని ఆయన భుజం మీద రాలాయి. ఇంటి గోడ మీదికి ఒక తీగ కావాలని వచ్చారట. నేను మంచి మొక్క ఒకటి ఏరి తెచ్చేసరికి, ఆయన పరధ్యానంగా పందిరి నుంచి వేలాడుతున్న ఆకు ఒకటి తుంచి, రెండు వేళ్ళ మధ్య నలుపుతున్నారు. ఆ కేంద్రాన్ని ఇన్నేళ్ళు ఏలిన మనిషి జీవితంలో మొదటిసారి ఆ ఆకును ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

కళ్ళు మూసుకున్నారు. ఇంకోసారి గట్టిగా పీల్చారు.

"గవర్రాజూ" అన్నారు నాతో, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు. "ఇందులో ఏదో ఉందయ్యా."

చేతిలోని మొక్క కింద పెట్టేశాను. ఒక్కసారి ఈ మాటకే భవనం లేచింది, కంచె లేచింది, వేల చీటీలు లేచాయి. అటు చూశాను. సౌదామిని తలెత్తింది. చెయ్యి సంచిలోని పెన్ను కోసం వెతుకుతోంది.

"ఏమన్నారు సార్?" అంది.

ఆయన నోరు తెరిచేలోగా నేను ఆయన వేళ్ళ మధ్య ఆకు లాక్కుని, నోట్లో వేసుకుని, నమిలి మింగేశాను.

"ఏం లేదమ్మా" అన్నాను.

కాస్త ఘాటుగా, అచ్చం వెల్లుల్లిలాగే ఉంది. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని తింటే బాగుంటుందనిపించింది. ఆ సంగతి ఇంతవరకు నూకరత్నానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.